మొహమాటానికి కమీషన్

కుట్టుమిషన్ల రిపేరు కొట్టు మీది అంతస్తు,
నా సొంత వంటగది.

అక్కా,

నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండిపోయింది. ఫోను అందని కొండెక్కి కూర్చున్నావు కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఇవాళ నీ చెవులు చిల్లులు పడేవి. "ఫోను మీద వేలు పెడితే కంచంలోకి అన్నం వచ్చి పడాలనుకునే సోమరిపోతుల్ని నమ్ముకుని కొట్టు తెరిచావు" అని రాస్తావా? నిన్న గాక మొన్న వంటగది తెరిచిన చెల్లెలికి రాయాల్సిన మాటలేనా అవి?

ఇంటి వంట చవక, ఇంటి వంట చవక అని ఊదరగొడతావు. బియ్యం, కూరగాయలు, గ్యాసు, నూనె మటుకే లెక్కేస్తే చవకే. వండిన మనిషి కూలీ ఏదీ? అమ్మ అన్నేళ్ళు పొయ్యి ముందు నిలబడింది కదా, ఆ కూలీ ఎవరైనా కట్టారా? కట్టలేదు కాబట్టే మనకి చవకగా కనపడింది. కొనుక్కుని తినేవాడు కనీసం వండినదానికి ఇంత పారేస్తున్నాడు. వాణ్ణి తిట్టకు.

అలాగని యాప్‌వాళ్ళు ధర్మప్రభువులని అననులే. నూటికి ముప్పై వాళ్ళే కోసుకుంటారు. డిస్కౌంటు అని ప్రకటించేది వాళ్ళు, కోత పడేది నా గరిటెకి. తినేవాడి దగ్గర డెలివరీ అనీ, ప్యాకింగనీ మళ్ళీ వేరే గుంజుతారు. వాడేమో నేను ఎక్కువ లాగుతున్నానంటాడు, నేనేమో వాడు తక్కువిస్తున్నాడంటాను. పిట్టపోరు పిల్లి తీర్చినట్టుంది. ఏం చెయ్యను, కొత్త కొట్టుకి బోర్డు కావాలి, ఈ రోజుల్లో బోర్డంటే ఆ యాపే.

ఈ గది ఒప్పందం వానలు వెళ్ళేదాకా. అప్పటికి నిలదొక్కుకున్నానా, సరే. లేదా, తాళాలు ఇంటావిడ చేతిలో పెట్టేసి మళ్ళీ ఆ కాల్ సెంటర్ కుర్చీలో కూర్చుని "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని పొద్దస్తమానం పాడాలి. ఆ మాట మళ్ళీ నా నోట రాకూడదు అక్కా. అందుకే ఇంత పంతం.

ఇంకో సంగతి. నా వెనక ఒక ఇన్‌స్పెక్టర్ పడ్డాడు! నవ్వకు. రోజూ మధ్యాహ్నం ఒక ఆర్డర్ వస్తుంది. ఒకరోజు పెద్దాసుపత్రికి, ఇంకో రోజు కోర్టుకి, మర్నాడు ఆ అద్దాల ఆఫీసుకి. చోటు మారుతుంది గానీ కింద రాసేది అక్షరం మారదు. "కూర విడి డబ్బాలో. అన్నం నొక్కి పెట్టాలి. నిమ్మచెక్కలు రెండు. చెంచా వద్దు." పేరు చోట ఒక్క చుక్క. నంబరు యాప్‌వాళ్ళు కనపడనివ్వరు. బండి మీద తీసుకెళ్ళేవాళ్ళు రోజుకొకరు, గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి వచ్చేస్తారు. తిన్నాక మాత్రం ఠంచనుగా ఐదు నక్షత్రాలు! ఊరంతా తిరుగుతూ వంటగదులు రుచి చూసే యాప్ మనిషి కాకపోతే ఇంకెవరు? అందుకని ఆ డబ్బా కట్టేటప్పుడు నా ప్రాణమంతా పెడతాను. ఒకరికి మంచి బంగాళాదుంప వేసి ఇంకొకరికి మచ్చది వెయ్యలేం కదా, దాంతో అందరి డబ్బాలూ బాగుపడ్డాయి.

కొట్టు తెరిచిన రోజు చుట్టాలందరూ వచ్చి ఊరికే తిని, "అద్భుతం" అని చెయ్యి కడుక్కుని వెళ్ళారు. బావ కూడా వచ్చారు. నెలకింత ఇస్తాను, రోజూ ఇక్కడే తింటానన్నారు. బావ దగ్గర అన్నానికి డబ్బు పుచ్చుకుంటానా? నాకు సిగ్గు లేదా? కావలిస్తే ఊరికే వచ్చి తినండి అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నువ్వు కొండెక్కినప్పటి నుంచీ సొంతంగా వండుకుంటున్నారట, చెయ్యి తిరిగిందట. నీ అదృష్టం.

నీ చెల్లి,
చిట్టి

*

కొండ మీద, వాతావరణ కేంద్రం.
గాలి పడమటి నుంచి. మబ్బు జాడ లేదు.

చిట్టీ,

సోమరిపోతులన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకంటే నిన్న వంట వంతు మా రేడియో ఆపరేటర్‌ది. ఆయన వండినది తిన్నాక, ఫోను మీద వేలు పెడితే అన్నం వచ్చే సదుపాయం ఈ కొండకి కూడా ఉంటే బాగుండనిపించింది. పైన మాడు, లోపల పలుకు. ఒకే గిన్నెలో రెండూ ఎలా సాధించాడో అడుగుదామంటే, ఆయన అప్పటికే తన కంచం తీసుకుని బయటికి పోయాడు.

కానీ కూలీ గురించి నువ్వు రాసింది మనసులో గుచ్చుకుంది. ఇక్కడ వంతు ఎవరిదైతే వాళ్ళకి ఆ పూట వాన కొలిచే పని ఉండదు, గాలి చూసే పని ఉండదు. వంట కూడా డ్యూటీయే. రిజిస్టర్లో అలాగే రాస్తాం. ఇంట్లో మాత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి వండితే అది డ్యూటీలోకి రాలేదు, సెలవులోకీ రాలేదు. అది ఎందులోకి వచ్చిందో ఇన్నాళ్ళూ నేనూ అడగలేదు.

అయితే ఒక్క మాట. "వండుకున్నమ్మకు ఒక కూర, అడుక్కున్నమ్మకు అరవై కూరలు" అని అమ్మ ఊరికే అనలేదు. నీ యాప్ చేసేది అదే, అరవై కూరలు చూపించడం. ఆ అరవైలో నీ ఒక్క కూర కనపడడానికి నూటికి ముప్పై కడుతున్నావు. ఎన్నాళ్ళు కడతావు?

సరేగానీ, ఆ ఇన్‌స్పెక్టర్ తిరిగే భవనాలు ఇంకా ఏవేవో రాయి. ఎన్నేసి అంతస్తులో కూడా రాయి. ఊరికే, కొండ మీద కాలక్షేపానికి.

మీ బావకి చెయ్యి తిరిగిందా? మంచిదే.

అక్క

*

కొండ మీద, వాతావరణ కేంద్రం.
గాలి లేదు. ఉక్క.

ఏవండోయ్ శ్రీవారూ,

దొరికిపోయారు.

కూర విడిగా, అన్నం నొక్కి, నిమ్మచెక్కలు రెండు, చెంచా వద్దు. పెళ్ళైన మర్నాటి నుంచీ నా ప్రాణం తీసిన నాలుగు షరతులివి. భూమ్మీద ఇంకో మనిషికి ఇవి నాలుగూ కలిపి ఉండవు. ఆసుపత్రి, కోర్టు, అద్దాల ఆఫీసు! లిఫ్టు లేని భవనం ఒక్కటైనా ఉందా వాటిలో? మీరు లిఫ్టులు బాగుచేస్తూ ఊరంతా తిరుగుతారని మా చెల్లికి తెలుసు. రోజుకో చోటి నుంచి ఆర్డర్ వస్తోందనీ తెలుసు. ఈ రెంటినీ కలపడం మాత్రం దానికి చేతకాలేదు. మిమ్మల్ని పట్టుకుని యాప్‌వాళ్ళ ఇన్‌స్పెక్టర్ అనుకుంటోంది పిచ్చి మొహం. మీ డబ్బాకి భయపడి చస్తోంది.

మరి నాకు రాసిన ఉత్తరాలేమిటి? "ఇవాళ వంకాయ కూర చేశాను, నువ్వు చేసినట్టే వచ్చింది." "ఇవాళ అన్నం మల్లెపువ్వులా విచ్చుకుంది." నేను ఇక్కడ రేడియో ఆపరేటర్‌గారి మాడు తింటూ, మా ఆయన ఎంత ఎదిగిపోయాడో అని మురిసిపోయాను. సిగ్గు లేదూ?

మా చెల్లి వంటే తినాలనుంటే మెట్లెక్కి వెళ్ళి తినొచ్చు కదా! ఈ దొంగచాటు వ్యవహారం ఏమిటి? ఉన్నదున్నట్టు రాయండి. మల్లెపువ్వులు వద్దు.

మీ ఆవిడ

*

ఆసుపత్రి మేడ మీద, లిఫ్టు మోటారు గది.

ఏమోయ్,

నిన్ను కొండ మీద పెట్టినా లాభం లేదు. అక్కణ్ణుంచి కూడా మా కంచం కనపడుతోంది నీకు.

ఒప్పుకుంటున్నా. మొదట్లో నిజంగానే వండాను. ఒక్క మనిషికి వంటంటే తమాషా కాదు. వారానికని తెచ్చిన కూరగాయల్లో సగం ఫ్రిజ్‌లో కుళ్ళాయి. మిగిలిన సగం నేను మాడ్చాను. ఒకరోజు పొగ చూసి పక్కింటివాళ్ళు బకెట్టుతో సహా వచ్చారు. బకెట్టు పట్టుకుని నిలబడ్డ ఆయనకి ఏం చెప్పాలో తెలియక, భోంచేసి వెళ్ళండి అన్నాను. పాపం, భయపడి పోయాడు. ఆ వారం లెక్క చూసుకుంటే హోటల్లో కూర్చుని తిన్నా అంత కాదు.

మెట్లెక్కి వెళ్ళమంటావు. వెళ్ళా. డబ్బు ఇవ్వబోతే "బావ దగ్గర పుచ్చుకుంటానా" అంటుంది. ఊరికే తిందామంటే నాకు ముద్ద దిగదు. ఆ పిల్ల ఆ గది కోసం ఎంత తంటాలు పడుతోందో కళ్ళారా చూశాను. దాని కంచంలో రోజూ చెయ్యి పెట్టి, పైగా "బాగుంది చిట్టీ" అని మెచ్చుకుని రావాలా? నా వల్ల కాదు. బావగా వెళ్తే డబ్బు పుచ్చుకోదు. ఎవరో అయితే పుచ్చుకుంటుంది. అందుకని ఎవరో అయ్యాను. యాప్ అందుకు పనికొచ్చింది.

మొదటి వారం సాయం చేద్దామనే పెట్టాను, ఒట్టు. రెండో వారానికి పదకొండు కొట్టేసరికి డబ్బా ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూడ్డం మొదలెట్టాను. సాయం సంగతి ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలీదు. చెంచా వద్దనడం నా పాత అలవాటే, ఇప్పుడు దానికో కారణం కూడా దొరికింది. చేత్తో తింటే గానీ తిన్నట్టుండదు, ఆ కూర అలాంటిది. నీ వంట కంటే బాగుందని రాయడం లేదు. రాయనవసరం లేదు.

ఇంకో విషయం. నేను మూత తీస్తే చాలు, ఆసుపత్రి రిసెప్షన్ అమ్మాయి, కోర్టు టైపిస్టు, వాచ్‌మన్లు అందరూ ముక్కులు ఎగబీలుస్తూ వస్తారు. ఎక్కడిది అని అడుగుతారు. యాప్‌లో చూపిస్తాను. ఆ డెలివరీ, ప్యాకింగూ అన్నీ కలిపిన రేటు చూసి, "అబ్బో, నెలకోసారి అయితే సరే" అని వెనక్కి తగ్గుతారు.

చిట్టికి చెప్పకు. చెప్పావో, రేపటి నుంచి ఊరికే డబ్బా పంపిస్తుంది. అప్పుడు నేను మళ్ళీ బకెట్టాయన్ని పిలవాలి.

నీ
ఇన్‌స్పెక్టర్

*

కొండ మీద, వాతావరణ కేంద్రం.
తూర్పున మబ్బు కడుతోంది.

ఏవండీ,

మీరు మంచివారే. తెలివైనవారని మాత్రం అనను. మీరిచ్చే వందలో ముప్పై మీ మరదలికి చేరడం లేదు, పైన మీరు కట్టే డెలివరీ ఒకటి. అదంతా దేనికి కడుతున్నారు? నేరుగా మాట్లాడలేక కడుతున్నారు. మన ఇంటి మొహమాటానికి ఎవడో కమీషన్ తింటున్నాడు.

ఇక ఆ ఆర్డర్లు ఆపండి. చిట్టికి నేను రాస్తాను. దాని మనసు నొచ్చుకోకుండా, మీ పరువు పోకుండా కుదురుగా రాయాలి. ఇప్పుడు టపా తీసుకెళ్ళే జీపులోనే పంపితే తొందరపాటు అవుతుంది, వచ్చే జీపులో పంపుతాను. అందాకా మీరు నోరు విప్పకండి. మీరు విప్పితే ఏదో ఒకటి మాడుతుంది.

మీ ఆవిడ

*

నా వంటగది.
ఎన్నాళ్ళు నాదో తెలీదు.

అక్కా,

నీకు ఇది ఎప్పుడు చేరుతుందో. కొండ దారి వానకి తెగిపోయిందని పోస్టాఫీసులో అన్నారు. చేరినప్పుడే చదువు.

ఇన్‌స్పెక్టర్ మానేశాడు. ఒక్కసారిగా, చెప్పా పెట్టకుండా. ముందు రోజు ఐదు నక్షత్రాలు, మర్నాటి నుంచి ఏమీ లేదు. మొదటి రోజు జ్వరమేమో అనుకున్నాను. రెండో రోజు కూర విడి డబ్బాలో కట్టి, నిమ్మచెక్కలు పెట్టుకుని కూర్చున్నాను, రాలేదు. వారం దాటింది. అంటే చూడాల్సింది చూసేశాడు, నా పేరు కొట్టేశాడు. ఏం తప్పు చేశాను? ఉప్పా? కారమా? చెప్పి ఏడవచ్చు కదా! ఐదు నక్షత్రాలిచ్చి గొంతు కోసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

వానలకి మిగతా ఆర్డర్లూ పడిపోయాయి. వానలో బండ్లు రావు. వచ్చినా యాప్‌వాళ్ళు వాన చార్జీ అని ఇంకోటి తగిలిస్తారు, అది చూసి తినేవాడు పారిపోతాడు. నా వంటలో లోపం లేదని నాకు తెలుసు. అమ్మ కట్టిన డబ్బాలన్నీ ఖాళీ అయి తిరిగొచ్చే ఇంట్లో నేను పెరిగాను. అమ్మ చెయ్యి నా చెయ్యి. కానీ నాకు తెలిస్తే చాలదు కదా.

ఇంటావిడకి చెప్పేశాను, నెలాఖరుకి ఖాళీ చేస్తానని. కాల్ సెంటర్‌వాళ్ళు రమ్మన్నారు. కుర్చీ కూడా పాతదే ఇస్తారట, కిటికీ పక్కది. ఎంత దయో!

ఏడుస్తున్నానని అనుకోకు. ఉల్లిపాయలు తరుగుతున్నాను. సరే, ఏడుస్తూ తరుగుతున్నాను.

చిట్టి

*

కొండ మీద, వాతావరణ కేంద్రం.
వాన వెలిసింది. జీపు కింద హారన్ కొడుతోంది.

చిట్టీ,

నీ ఉత్తరం ఇప్పుడే చేరింది. జీపు తిరిగి కదిలేలోపు రాయాలి, అందుకని మర్యాదలు లేవు.

నీ ఇన్‌స్పెక్టర్ మీ బావ. ఆ నాలుగు షరతులూ ఆయనవి. నీ మొదటి ఉత్తరంలోనే పోల్చాను. నీకు చెప్పకుండా ఆయనకి రాశాను. ఆర్డర్లు ఆపమన్నది నేనే. నీకు కుదురుగా రాద్దామని ఒక జీపు వదిలేశాను, ఈలోగా దారి తెగింది. ఆ వాన వస్తుందని కబురు కిందికి పంపించింది కూడా నేనే! ఊరందరికీ గొడుగులు పట్టుకోమని చెప్పి, నా ఉత్తరం సంగతి మర్చిపోయాను. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను, తర్వాత.

ముందు ఇది విను. ఆయన జాలిపడి తిన్నాడనుకుంటే నీ అంత మొద్దు ఇంకొకరు లేరు. మొదటి వారం జాలే. తర్వాత నాలుక. ఆయన రాసిన ఉత్తరం ఇందులోనే పెడుతున్నాను, చదువుకో. "చేత్తో తింటే గానీ తిన్నట్టుండదు" అన్నచోట ఆగి రెండుసార్లు చదువు. ఇన్నేళ్ళ కాపురంలో నా వంటకి ఆ మాట రాలేదు. నాకు కుళ్ళుగా ఉంది, అయినా పంపుతున్నాను.

రిసెప్షన్ అమ్మాయి, టైపిస్టు, వాచ్‌మన్లు అని ఆయన రాసినచోట కూడా ఆగు. వాళ్ళకి నీ కూర కావాలి, యాప్ రేటు వద్దు. మీ బావ ఏ రోజు ఏ భవనానికి వెళ్తాడో నెలంతా ముందే ఖాయంగా ఉంటుంది. లిఫ్టుల మధ్య ఆయన చేతిలో ఉండేది ఒక్క స్పానర్ పెట్టె. రెండో చెయ్యి ఖాళీ.

ఇకపోతే అసలు మాట. కూలీ కట్టకుండా తినడం తప్పని నాకు రాసినదానివి నువ్వే. మరి బావ కూలీ కట్టబోతే సిగ్గన్నావు. అమ్మకి ఎవరూ కట్టలేదని ఏడ్చావు, నీకు కట్టబోతే చెయ్యి వెనక్కి పెట్టుకున్నావు. చుట్టాల దగ్గర పుచ్చుకోకపోతే మర్యాద అంటావా? ఆ మర్యాదే అమ్మని పొయ్యి దగ్గర నిలబెట్టింది. ఆయనకి బిల్లు రాయి. పూర్తి రేటు రాయి. ఇక్కడ వంట డ్యూటీ అని రిజిస్టర్లో రాస్తాం అన్నాను కదా, నువ్వూ రాయి.

ఇంటావిడకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకో. హారన్ మోగుతోంది.

అక్క

*

నా వంటగది.
అవును, నాదే.

అక్కా,

నీ కవరు విప్పిన రోజు నీ మీద కోపంతో పప్పు పొంగబెట్టుకున్నాను. బావ మీద కోపంతో గరిటె విరగ్గొట్టుకున్నాను. మీరిద్దరూ కలిసి నన్ను బొమ్మని చేసి ఆడించారు. నేను ఎవడో ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్నాడని మురుస్తుంటే మీరు ఉత్తరాల్లో నవ్వుకున్నారు. ఒక్కగానొక్క ఖాయం గిరాకీ కూడా చుట్టరికమేనా అని గోడకి ఆనుకుని కూలబడ్డాను. ఇది చెప్పకుండా మిగతాది చెప్పను.

తర్వాత బావ ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు చెప్పినచోట రెండుసార్లు కాదు, ఎన్నిసార్లో. లేచి ఉల్లిపాయలు తరిగాను. ఈసారి ఊరికే తరిగాను.

మర్నాడు ఆయన కోర్టులో ఉంటారని మీ ఇంట్లో క్యాలెండర్ చూసి తెలుసుకున్నాను. డబ్బా కట్టుకుని నేనే వెళ్ళాను. కూర విడిగా, అన్నం నొక్కి, అన్నీ ఆయన షరతుల ప్రకారమే. మీ ఆయన లిఫ్టు గుంతలో ఉన్నారు, తల మాత్రం పైకి కనపడుతోంది. నన్ను చూసి మళ్ళీ లోపలికి దిగబోయారు!

"ఇన్‌స్పెక్టర్‌గారూ, ఎక్కండి పైకి" అన్నాను.

ఎక్కారు. డబ్బా ఇచ్చాను. దాని మీద బిల్లు పెట్టాను. ఆయన బిల్లు వైపు చూస్తారు, నా వైపు చూస్తారు. "నిజంగా పుచ్చుకుంటావా?" అన్నారు. "ఇచ్చి చూడండి" అన్నాను. చేతికి గ్రీజు, తుడుచుకుని డబ్బు తీసి పట్టుకున్నారు. అక్కా, నా చెయ్యి ముందుకి రాలేదు. నిజం. వెనక నుంచి అమ్మ "ఛీ, ఇంటి మనిషి దగ్గరా!" అంటున్నట్టే అనిపించింది. ఆయనా చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వాచ్‌మన్ మా ఇద్దర్నీ వింతగా చూస్తున్నాడు. ఏమైతే అయిందని తీసుకున్నాను. చిల్లర కూడా లెక్కపెట్టి తిరిగిచ్చాను. ఉంచుకో అంటే ఉంచుకోలేదు.

ఆయన అక్కడే మెట్ల మీద కూర్చుని తిన్నారు. నేను నిలబడి చూశాను. సగం అయ్యాక తలెత్తి, కాస్త భయంగా, "చిట్టీ, ఉప్పు ఓ పిసరు ఎక్కువైంది" అన్నారు.

నాకు నవ్వాగలేదు. కొట్టు తెరిచిన రోజు నుంచి మన చుట్టాల్లో ఎవరైనా నా వంటకి వంక పెట్టారా? అందరూ అద్భుతమే. ఊరికే తినేవాడు ఉప్పు ఎక్కువైందని ఏ మొహం పెట్టుకుని అంటాడు? "మరి అన్నాళ్ళూ ఐదు నక్షత్రాలు ఎందుకిచ్చారు?" అని నిలదీశాను. "అప్పుడు సాయం చేస్తున్నాననుకున్నానమ్మా. ఇప్పుడు డబ్బు పెట్టి తింటున్నాను" అన్నారు.

ఉప్పు నిజంగానే ఎక్కువైంది. వచ్చి రుచి చూసుకున్నాను. తగ్గించాను.

ఇప్పుడు మన లిఫ్టులాయన రెండో చేతిలో నా డబ్బాల సంచీ ఉంటుంది. ఆసుపత్రి రోజు రిసెప్షన్ అమ్మాయికీ, వాళ్ళ నర్సులకీ. కోర్టు రోజు టైపిస్టుకీ, ఆవిడ పట్టుకొచ్చిన వకీళ్ళకీ. బావ రాని రోజు కూడా మా భవనానికి డబ్బా ఎందుకు రాదని వాళ్ళు పోట్లాడితే ఒక బండి మనిషిని నేనే పెట్టుకున్నాను, నా కూలీకి. యాప్ రేటు కంటే వాళ్ళకి తక్కువ, నాకు ఎక్కువ. మోసినందుకు బావకి ఏమివ్వాలి అని అడిగితే అక్కర్లేదన్నారు. ఊరుకుంటానా? రోజూ నిమ్మచెక్కలు రెండు ఉచితం, బిల్లులో రాసి మరీ ఇస్తున్నాను.

యాప్ పూర్తిగా తీసెయ్యలేదు. కొత్తవాళ్ళకి బోర్డుగా ఉండనిచ్చాను. వాళ్ళ డబ్బాలో నా నంబరు చీటీ పెడుతున్నాను. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు.

ఇంటావిడతో ఒప్పందం మళ్ళీ రాయించుకున్నాను. కాల్ సెంటర్‌కి ఫోను చేసి చెప్పాను, మీ అసౌకర్యానికి చింతిస్తున్నానని. చివరిసారి.

నువ్వు దిగి వచ్చేదెప్పుడు? వచ్చాక మీ ఇంట్లో వంట ఎవరిది? బావ పొయ్యి దగ్గరికి పోకుండా చూసుకో.

చిట్టి

*

కొండ మీద, వాతావరణ కేంద్రం.
ఆకాశం తేట. గాలి కిందికి, ఇంటి వైపు.

చిట్టీ,

నా వంతు ఇక్కడితో సరి, వచ్చే జీపులో దిగుతున్నాను. వంతు లెక్క మాత్రం ఇంటికి తీసుకొస్తున్నాను. మీ బావకి ఇంకా చెప్పలేదు. వారంలో మూడు రోజులు నేను వండుతాను, మూడు రోజులు నీ దగ్గర కొంటాం, ఒక రోజు ఆయన వండుతాడు. ఆ రోజుకి పక్కింటివాళ్ళని బకెట్టు సిద్ధంగా పెట్టుకోమను.

దిగిన రోజు మధ్యాహ్నానికి నాకొక భోజనం రాసుకో. జీపు స్టాండ్ దగ్గరికి పంపించు. డబ్బిస్తాను, చిల్లర తిరిగివ్వాలి. బాగా లేకపోతే లేదని చెప్తాను, ఏడవకూడదు.

అన్నం నొక్కక్కర్లేదు. నిమ్మచెక్క వద్దు. చెంచా వద్దు, అది ఆయన దగ్గర నేర్చుకున్నాను. కూర మాత్రం అన్నం మీదే పొయ్యి.

అక్క